తయారీదారు: మా ఇంటిపేరు

అహ్మదాబాద్‌లో విమానం కూలిన వారానికి, 2025 జూన్‌లో, తెనాలి నుంచి మా మావయ్య ఫోను చేశారు. అప్పటికే తెలుగు చానళ్లు బ్లాక్ బాక్స్ బొమ్మను చూపించి చూపించి అరగదీశాయి. అది నల్లగా ఉండదని, నారింజ రంగులో ఉంటుందని మావయ్యే నాకు చెప్పారు. తర్వాత కాస్త ఆగి అడిగారు.

"అది సరే గానీ, నువ్వు గ్యారేజీలో కట్టుకున్న విమానానికి ఉందా బ్లాక్ బాక్సు?"

"మా వాటికి అక్కర్లేదు మావయ్యా. చట్టం అడగదు," అన్నాను నవ్వుతూ.

"చట్టం సంగతి అలా ఉంచు. రేపు ఏదైనా అయితే ఏమైందో మాకెలా తెలుస్తుంది?"

వెనక నుంచి అత్తయ్య కేకేసింది. "సంధ్యవేళ ఆ మాటలేమిటండీ! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!" మావయ్య వెంటనే మాట మార్చి, ఈసారి ఆవకాయ ఎవరితో పంపాలన్న విషయంలోకి వెళ్లిపోయారు.

ఫోను పెట్టేశాక నాకు నవ్వు రాలేదు. నేను చెప్పింది సగమే నిజం. మా రెండు సీట్ల విమానంలో నారింజ రంగు పెట్టె లేదు గానీ, ముందున్న స్క్రీను సెకనుకు ఒకసారి వేగం, ఎత్తు, ముక్కు ఎటు ఉందో, రెక్క ఎంత వంగిందో, ఒక్కో సిలిండరు ఎంత కాగిందో, ఇంధనం ఎంత ఒత్తిడితో వస్తోందో, అన్నీ ఒక కార్డు మీదకు రాస్తూనే ఉంటుంది. ఇక మావయ్య అన్న "ఏదైనా" అప్పటికి పది నెలల క్రితమే అయింది. ఏమైందో ఆ కార్డుకు తెలుసు, నాకు తెలుసు. ఎనిమిది నెలల పాటు మూడో మనిషికి చెప్పలేదు. చెప్పిన ముక్క కూడా సరిగ్గా చెప్పలేదు.

ఇంట్లో కట్టుకునే విమానాల ప్రమాదాల గురించి ఎక్కడ మాట వచ్చినా చర్చ పరికరాల మీదకే పోతుంది: రికార్డరు ఉండాలా, ఏ రకం ఉండాలి, ఎంత ఖర్చవుతుంది అని. నా అనుభవంలో పరికరం ఎప్పుడో వచ్చేసింది. కట్టినవాడు దాన్ని తెరిచి చూడటం, చూసింది నలుగురికీ చెప్పడం ఇంకా రాలేదు. విమానం మీద తయారీదారుగా పేరు వేసుకున్నవాడికి ఆ రెండూ బాధ్యతలేనని నేనిప్పుడు అనుకుంటున్నాను. అనుకోవడానికి నాకు ఎంత కాలం పట్టిందో చెబితే మీరు నవ్వుతారు.

రేకు మీది పేరు

అమెరికాలో ఇలాంటి విమానాలకు ప్రయోగాత్మక తరగతి కింద అనుమతి ఇస్తారు. పనిలో సగానికి పైగా సరదా కోసం, నేర్చుకోవడం కోసం సొంత చేతులతో చేశామని చూపించాలి. అందరూ 51 శాతం నియమం అని పిలిచేది దీన్నే. నాకు ఆరేళ్లు పట్టింది. మా పిల్ల ఒకటో తరగతిలో ఉండగా తోకతో మొదలుపెడితే, రెక్కలు బిగించేసరికి ఏడో తరగతికి వచ్చింది. అన్నీ అయ్యాక, తనిఖీ అధికారి వచ్చే ముందు, తోక దగ్గర అగ్గిపెట్టెంత స్టీలు రేకు ఒకటి బిగించాలి. దాని మీద మోడల్, సీరియల్ నంబరు, తయారీదారు పేరు చెక్కి ఉంటాయి. తయారీదారంటే విడిభాగాల కిట్ అమ్మిన కంపెనీ అనుకునేరు. కట్టినవాడే తయారీదారు. బోయింగ్, ఎయిర్‌బస్, సెస్నాల సరసన మా ఇంటిపేరు! రేకు ఫోటో పంపితే మా నాన్న దాన్ని ఫ్రేము కట్టించి, హాల్లో తాతగారి ఫోటో పక్కన తగిలించారు.

ఆ రేకును నిప్పుకు చెడని లోహంతో చేయాలని నిబంధన ఉంది. అంతా బూడిదైనా ఏ విమానమో, ఎవరు కట్టారో తెలియాలి కదా. అదే విమానంలో డేటా రాసుకునే కార్డు మాత్రం పాత కెమెరాల్లో పెట్టే రకం, తపాలా బిళ్లంత ప్లాస్టిక్ ముక్క. పెద్ద విమానాల రికార్డరు గురుత్వానికి 3,400 రెట్ల దెబ్బను ఓర్చుకోవాలి, 1,100 డిగ్రీల సెల్సియస్ మంటలో గంటసేపు నిలవాలి. మా కార్డు ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెడితేనే వంకర పోయేలా ఉంటుంది. నా పేరుకు ఉన్న భద్రత నా డేటాకు లేదన్నమాట.

ఇంటిపేరు తయారీదారు కావడంలో ఇంకో తంటా ఉంది. ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ జాబితాల్లో తయారీదారు గడిలో కట్టినవారి పేరే పడుతుంది. ఒకే కిట్‌తో కట్టిన వంద విమానాలు వంద ఇంటిపేర్ల కింద చెల్లాచెదురవుతాయి. మోడల్ గడి చూద్దామంటే ఒకరు అక్షరానికి, అంకెకు మధ్య గీత పెడతారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు కిట్ పేరు తీసేసి సొంత పేరు పెట్టుకుంటారు. ఒకే లోపం పది విమానాల్లో బయటపడినా ఆ పదింటినీ ఒక్కచోట చేర్చాలంటే ఎవరో ఓపికమంతుడు కూర్చుని ఏరాలి. కంపెనీ విమానాలకు ఆ బాధ లేదు. పేరు కొట్టి వెతికితే వరుసగా వచ్చి నిలబడతాయి.

ఆగస్టు మధ్యాహ్నం

2024 ఆగస్టు, టెక్సస్‌లో 39 డిగ్రీల ఎండ. ఒక్కడినే ఉన్నాను. రన్‌వే దాటి నాలుగు వందల అడుగులకు చేరేసరికి ఇంజను ఒక్కసారి దగ్గింది. ఆ తర్వాత గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు తడబడుతూ పోయింది. కింద రోడ్డు, రోడ్డు పక్కన ట్రాక్టర్ల షెడ్డు, దాని అవతల జొన్నచేను. కొద్దిసేపటికి ఇంజను అందుకుంది. చుట్టు తిరిగి వచ్చి దిగిపోయాను. విమానానికి గీత పడలేదు, నాకు చెమట తప్ప ఇంకేమీ పట్టలేదు.

ఆ సాయంత్రం హ్యాంగర్ల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు కథ చెప్పాను. ఇంజను తడబడగానే ముక్కు దించానని, టాంకు మార్చానని, కరెంటు పంపు వేశానని, ఎదురుగా చేలో దిగడానికి సిద్ధపడ్డానని, అరనిమిషం తర్వాత ఇంజను ప్రాణం పోసుకుందని చెప్పాను. అందరూ నా నిదానాన్ని మెచ్చుకున్నారు. ఒకాయన భుజం తట్టాడు కూడా. నేను కల్పించి చెప్పలేదు. ఆ క్షణాన నాకు గుర్తున్నది అదే.

మర్నాడు ఇంధన వడపోత విప్పితే జాలీ నిండా నల్లనువ్వుల్లాంటి పలుకులు. అవి ఏమిటో చూడగానే తెలిసింది. రెక్కల్లోని ఇంధన టాంకులను మేమే కడతాం, కారకుండా లోపల సీలెంటు పూస్తాం. ఎక్కువై పొంగిన సీలెంటును గట్టిపడకముందే గీకి తుడిచేయాలి. మూలల్లో నేను తుడవలేదు. రెక్క మూసేస్తే ఎవరు చూడొచ్చారు అనుకున్న రాత్రి నాకు బాగా గుర్తుంది. పదకొండు దాటింది, మర్నాడు ఆఫీసు. ఆ పలుకులు ఏళ్ల తరువాత ఊడి వచ్చి వడపోతలో కూర్చున్నాయి. తయారీ లోపం. తయారీదారు నేను.

నెల తర్వాత, ఒక ఆదివారం ఏమీ తోచక, కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. ఆ రోజు ఒక్కటే చూడకుండా వెనక్కి వెళ్లాను. విమానం ఎక్కేటప్పుడు, అంటే ఇంజను ఎక్కువ ఇంధనం తాగే సమయంలో, పీడనం మామూలుగా అయిదుకు పైన ఉండేది. జూన్ మొదటివారం నుంచి అది 5.0, తర్వాత 4.7, 4.4, 3.8, 3.1. తొమ్మిది ప్రయాణాల పాటు మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చింది. అంకె కళ్ల ముందే ఉంది, ఆకుపచ్చ రంగులోనే ఉంది. హెచ్చరిక దీపాన్ని ఇంజను పుస్తకంలో రాసిన కనిష్ఠం దగ్గర, అంటే 0.5 దగ్గర, పెట్టింది నేనే. పరీక్ష తప్పేదాకా పిల్లవాణ్ని పల్లెత్తు మాట అనని మాస్టారిలా అది నోరు మూసుకుని కూర్చుంది.

అక్కడితో ఆపితే బాగుండేది. ఆ రోజు తడబాటు మొదలైన వరుస దగ్గరకు వెళ్లాను. సెకనుకు ఒక వరుస. వేగం 92 నాట్లు, అంటే గంటకు 170 కిలోమీటర్లు. తర్వాత 88, 84, 79, 74. ఈ అయిదు వరుసల్లోనూ ముక్కు ఎనిమిది డిగ్రీలు పైకే ఉంది. ముక్కు వెంటనే దించానని అందరికీ చెప్పిన మనిషి అయిదు సెకన్ల పాటు ఏమీ చేయలేదు. ఇంకో గడి చూశాను. రెక్క ఎడమకు 23 డిగ్రీలు వంగి ఉంది. ఎడమ వైపు ఏముంది? నేను బయల్దేరిన రన్‌వే. ఆ ఎత్తులో ఇంజను పోతే వెనక్కి తిరగకూడదని, తిరిగినవాళ్లే వేగం చాలక గింగిరాలు తిరిగి చచ్చిపోతారని నేను కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాణ్ని. నా చేతులు ఆ పాఠం వినలేదు. నాకు తెలియకుండానే వెనక్కి తిప్పడం మొదలుపెట్టాయి. ఆరో వరుసలో ముక్కు దిగింది, పదకొండో వరుసలో ఇంజను కోలుకుంది. నేను అరనిమిషం అన్నది మొత్తం పదకొండు సెకన్లు.

కంప్యూటరు మూసేసి కిందికి వెళ్లి అన్నం తిన్నాను. మా ఆవిడ ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

సీలెంటు సంగతి మాత్రం హ్యాంగర్లో అందరికీ చెప్పాను. యంత్రం తప్పు చెప్పుకోవడం సులువు, ఆ తప్పు చేసింది నేనే అయినా సరే. చేతిపనిలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ అయిదు వరుసలు మాత్రం చెప్పలేదు.

లెక్కలోకి రానివి

చెప్పమని నన్ను అడిగినవారూ లేరు. అమెరికా నిబంధనల్లో ప్రమాదం అనే మాటకు గట్టి నిర్వచనం ఉంది. ఎగిరే ఉద్దేశంతో మనిషి విమానం ఎక్కినప్పటి నుంచి అందరూ దిగేవరకు జరిగిన వాటిలో ఎవరైనా చనిపోవాలి, తీవ్రంగా గాయపడాలి, లేదా విమానం గట్టిగా దెబ్బతినాలి. అలాంటిది జరిగితే వెంటనే ఎన్‌టీఎస్‌బీకి చెప్పాలి, పది రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. గట్టిగా దెబ్బతినడం అంటే ఏమిటో కూడా రాశారు. ఏవి కాదో రాసిన జాబితా ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక్క ఇంజనుకే పరిమితమైన నష్టం లెక్కలోకి రాదు. చక్రాలు, టైర్లు, బ్రేకులు, రెక్కల కొసలు, నేలకు తగిలి వంగిన ప్రొపెల్లరు ఇవేవీ రావు. ఇంజను గాల్లోనే ఆగిపోయి, మనిషి చేలో దింపి, చక్రం విరిగి, రెక్క కొస నలిగి, నడుచుకుంటూ ఇంటికొస్తే అది చాలా వరకు ప్రమాదమే కాదు. ఇక నాది ఎందులోకి వస్తుంది?

ఇలా లెక్కపెడితే శిథిలాలే లెక్కకు వస్తాయి. శిథిలమైన వాటి సంఖ్యే తక్కువేమీ కాదనుకోండి. ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంట్లో కట్టిన విమానాల మీద ప్రత్యేకంగా ఒక అధ్యయనం వెలువరించింది. 2011లో జరిగిన 224 ప్రమాదాలను అందులో పరిశీలించారు. సాధారణ విమానాల్లో (అంటే విమాన సంస్థలవి, సైన్యానివి కాని వాటిలో) మావి పదో వంతుకు అటూ ఇటూ ఉంటే, ప్రమాదాల్లో మా వాటా 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. ఇంజను మొరాయించడం, అదుపు తప్పడం ముందు వరుసలో ఉన్నాయి. సగానికి పైగా ప్రమాదాలు కట్టినవాడి చేతిలో జరగలేదు, ఆ విమానాన్ని తర్వాత కొనుక్కున్నవాళ్ల చేతిలో జరిగాయి. వాటిలో 14 కొత్త యజమాని మొదటిసారి ఎక్కిన రోజునే జరిగాయి.

ఆ అధ్యయనం చేసిన సిఫారసుల్లో ఒకటి స్క్రీన్లు, ఇంజను మీటర్లు రికార్డు చేసే డేటా గురించే. పరీక్షా దశలో, ఆ తర్వాత కూడా విమానం ఆరోగ్యం చూసుకోవడానికి ఈ డేటా వాడుకునేలా ప్రమాణాలు తయారుచేయమని ఔత్సాహికుల సంఘం ఈఏఏను కోరారు. ఈఏఏ అంటే 1953లో విస్కాన్సిన్‌లో పుట్టిన సంఘం. ప్రతి జులైలో ఆష్‌కాష్‌లో మేమంతా చేరే జాతర వాళ్లదే. సిఫారసు వచ్చాక పరికరాలు ఎంతో మెరుగుపడ్డాయి, చవకయ్యాయి. మా హ్యాంగర్ల వరుసలో స్క్రీను లేని కొత్త విమానం ఒక్కటీ లేదు. కార్డు తీసి చూసేవాళ్లను మాత్రం ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అందులోనూ బొటనవేలు ఖాళీగా ఉంటుంది.

చెప్పుకునే అలవాటు దానంతట అది రాలేదనడానికి పెద్ద విమానాల చరిత్రే సాక్ష్యం. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గర డల్లెస్‌లో దిగబోతూ వర్జీనియా కొండను ఢీకొంది. 92 మంది పోయారు. దానికి ఆరు వారాల ముందు మరో సంస్థ పైలట్లు అదే చోట, అదే అపార్థంతో ముందుగా కిందికి దిగి వెంట్రుకవాసిలో బయటపడ్డారు. ఆ సంగతి తమ కంపెనీలో చెప్పుకున్నారు, కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. పక్క కంపెనీకి తెలియలేదు. ఆ తర్వాతే 1976లో నాసా ఆధ్వర్యంలో రహస్య నివేదికల వ్యవస్థ మొదలైంది. జరిగింది రాసి పంపితే వాళ్లు పేర్లు తీసేసి దాచుకుంటారు. కావాలని చేయని పొరపాటు అయి, పది రోజుల్లోపు పంపితే చాలావరకు జరిమానా నుంచి కూడా వెసులుబాటు ఉంటుంది. ఇంట్లో కట్టిన విమానం నడిపేవాడు కూడా పంపవచ్చు. ఆ పత్రం నింపడానికి ఇరవై నిమిషాలు చాలు. నాకు ఎనిమిది నెలలు పట్టింది, జరిమానా భయం ఏ కోశానా లేకపోయినా.

కార్డుకు తెలియనివి

ఇంతవరకు చదివి, డేటా ఉంటే సత్యం బయటపడుతుందని నేను వాదిస్తున్నానని అనుకోవద్దు. నాకు ఆ నమ్మకం మీద గట్టి అనుమానమే ఉంది.

గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో, మాంటెరే దగ్గర సముద్రంలో కూలిపోయాడు. అది లాంగ్-ఈజీ అనే రకం, ఇంట్లో కట్టిన విమానం. కట్టినది వేరొకరు, డెన్వర్ అప్పుడే కొనుక్కున్నాడు. ఏ టాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే పిడి అసలు నమూనాలో పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినవారు ఇంధన గొట్టాలు మనిషి కూర్చునే చోటుకు రాకూడదన్న ఉద్దేశంతో దాన్ని ఎడమ భుజం వెనక గోడకు పెట్టారు. ఉద్దేశం మంచిదే. పిడి తిప్పాలంటే ఒళ్లంతా వెనక్కి తిప్పాలి, అలా తిప్పితే కుడికాలు తెలియకుండా విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డరును తొక్కుతుంది. దర్యాప్తువాళ్లు అలాంటి సీట్లో కూర్చుని తిరిగి చూసి మరీ ఇది తేల్చారు. ఇంధనం ఎంతుందో చూపే గొట్టాలు పైలట్ వెనక ఉన్నాయి. అందుకని నేల మీద ఉన్న మెకానిక్ ఒకరు ఆయనకు చిన్న అద్దం ఇచ్చారు.

ఆ విమానంలో నా స్క్రీను లాంటిది ఉందనుకుందాం. వేగం పడిపోవడం, ముక్కు తిరగడం వరుసలుగా కనిపించేవి. భుజం వెనక పిడి కనిపించేదా? అద్దం కనిపించేదా? దాన్ని పట్టుకున్నది నేల మీద చూసినవాళ్ల మాటలు, శిథిలాలు, ఆ మెకానిక్ నిజాయితీగా చెప్పిన సంగతులు. అంకెలు నన్ను సిగ్గుపడేలా చేశాయి, నిజమే. అయితే ఆ అయిదు సెకన్లలో నేను ఎటు చూస్తున్నానో వాటికి తెలియదు. (మీటరు వైపు చూస్తున్నాను. తప్పు చదువుతోందేమో అనుకుంటున్నాను. ఇది నేను చెబితేనే తెలుస్తుంది.) తీగ వదులైతే మీటరు అబద్ధం చెబుతుంది, కార్డు ఆ అబద్ధాన్ని భక్తిగా రాసుకుంటుంది. కరెంటు పోతే చివరి కొన్ని సెకన్లు, అంటే అందరికీ కావలసినవి, కార్డుకు చేరకముందే పోవచ్చు.

మన దగ్గరకు వస్తే రెండు సంగతులు నన్ను చెరో వైపు లాగుతుంటాయి. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన నటి సౌందర్య ప్రయాణించిన సెస్నా 180, ఎగిరిన కాసేపటికే కూలిపోయింది. నలుగురూ పోయారు. అది కంపెనీలో తయారైన విమానమే, కానీ మా విమానాల్లాగే చిన్నది, ఒక్క ఇంజనుది. ఆ సైజు విమానానికి రికార్డరు తప్పనిసరి కాదు. చూసినవాళ్ల మాటలు మిగిలాయి, మాటల మీద మాటలు మొలిచాయి. ఇప్పటికీ ఏ పెళ్లిలోనో ఆమె ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు గొంతు తగ్గించి తమకు తెలిసిన 'అసలు కారణం' చెబుతారు. రికార్డరు ఉంటే ఈ గోల ఉండేది కాదు అనబోతాను. వెంటనే 2009 సెప్టెంబరు 2 గుర్తొస్తుంది. నల్లమలలో రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్ కూలిన చోట వాయిస్ రికార్డరు దొరికింది, పైలట్ల చివరి మాటలు విన్నారు, నివేదిక వచ్చింది. పుకార్లు ఆగాయా? కాబట్టి నమ్మదలచుకోనివాడిని పెట్టె నమ్మించలేదు. నాకు ఆ పెట్టె ఊరివాళ్ల కోసం అక్కర్లేదు. తర్వాతి వారం అదే రన్‌వే మీద నుంచి, నాలాగే సీలెంటు తుడవని టాంకులతో ఎగరబోయేవాడి కోసం కావాలి.

ఎందుకు చెప్పరు

పక్క హ్యాంగర్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన కార్డు తీసేసి మరీ ఎగురుతారు. కారణం అడిగితే మూడు వేళ్లు చూపించారు: బీమా, లాయరు, ప్రభుత్వం. బీమా కంపెనీ డేటా అడిగి నీదే తప్పని చేతులు దులుపుకోవచ్చు. విమానం అమ్మేశాక కొన్నవాడు కూలితే, తయారీదారుగా రేకు మీద పేరు ఉన్నవాడిని కోర్టుకు ఈడ్చవచ్చు, అప్పుడు అతను రాసుకున్న ప్రతి ముక్కా సాక్ష్యమే. ఇక ప్రభుత్వం సంగతి. 2020 జనవరి 1 నుంచి రద్దీ గగనతలంలో విమానాలు తామెక్కడున్నదీ ప్రసారం చేస్తూ ఉండాలన్నారు, భద్రత కోసమని. ఇప్పుడు కొన్ని విమానాశ్రయాలు అదే సంకేతం పట్టుకుని ల్యాండింగ్ ఫీజు బిల్లులు పంపుతున్నాయి. భద్రత కోసం ఇచ్చింది వసూళ్లకు వాడితే రేపు ఇంకేం ఇస్తారు, అని ఆయన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

అందుకే రికార్డరును చట్టంతో తప్పనిసరి చేయాలంటే నేను ఒప్పుకోను. తప్పనిసరి చేసిన రోజున కార్డులు ఖాళీగా దొరుకుతాయి, లేదా ప్రయాణానికి ముందు రోజే 'పాడైపోతాయి'. ఇండియా సంగతి చూడండి. కెప్టెన్ అమోల్ యాదవ్ ముంబయిలో అపార్ట్‌మెంటు మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, దాని రిజిస్ట్రేషన్ కోసమే ఏళ్ల తరబడి తిరిగి 2017లో సంపాదించారు. అంత కష్టపడి అనుమతి తెచ్చుకునే చోట, గాల్లో ఇంజను దగ్గిందని ఎవరైనా తమంతట తాము రాసి ఇస్తారా?

ఆ పెద్దాయన గురించి ఇంకొకటి చెప్పాలి. కార్డు తీసేసే ఆ మనిషి దగ్గర గళ్ల నోటుబుక్కు ఒకటి ఉంది. ప్రతి ప్రయాణం తర్వాత ఇంకా సీట్లో కూర్చునే పెన్సిలుతో ఆయిల్ ఒత్తిడి, వేడి, గాలి, చేసిన పొరపాటు రాస్తారు. ఒకసారి నాకు చూపించారు. "ఫ్లాప్స్ ఎత్తడం మరిచాను. మళ్లీ." ఆ 'మళ్లీ' కింద రెండు గీతలు. ముప్ఫై ఏళ్ల పుస్తకాలు ఇనప బీరువాలో ఉన్నాయి. సెకనుకు ఒక వరుస రాసే నా కార్డులో అంత నిజం లేదు. ఆయన చూపించింది నా ఒక్కడికే, అదే నా బాధ.

2025 ఏప్రిల్‌లో మా ఈఏఏ శాఖ నెలవారీ సమావేశంలో చివరికి ఆ గ్రాఫులు తెర మీద వేశాను. తొమ్మిది ప్రయాణాల మెట్లు వేశాను, తర్వాత ఆ అయిదు వరుసలు వేశాను. హ్యాంగర్ ముందు నా భుజం తట్టినాయన ముందు వరుసలోనే ఉన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒకరు వడపోత జాలీ సైజు అడిగారు, అంతే. పది మంది ముందు చొక్కా విప్పి నిలబడ్డట్టు అనిపించింది.

కాఫీ దగ్గర మాత్రం ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒకతని టాంకులోంచి కూడా అలాంటి పలుకులే వచ్చాయట, రెండేళ్ల కిందట. ఇంకొకాయనకు టేకాఫ్‌లో ఇంజను ఆగి, మిగిలిన రన్‌వే మీదే దిగాడు. ఇంట్లో చెబితే ఎగరనివ్వరని దాచిపెట్టాడు. మూడో మనిషి వెనక్కి తిరిగాడు, నిజంగానే తిరిగాడు, పూర్తిగా, అయిదు వందల అడుగుల నుంచి. చెట్ల మీదుగా వచ్చి దిగాడు. అతని విమానంలోనూ నా దగ్గరున్న స్క్రీనే ఉంది. కార్డు చూశావా అని అడిగితే తల అడ్డంగా ఊపి, కాఫీ కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు. నాతో కలిపి నలుగురం, నాలుగు విమానాలు. ఎక్కడా ఒక్క కాగితం లేదు. వాళ్లకు తథాస్తు దేవతలు లేరు గానీ ఆ భయం మాత్రం మా అత్తయ్య భయం లాంటిదే.

ఆ రాత్రే నాసా పత్రం నింపాను. కిట్ కంపెనీకి, అదే కిట్ కట్టినవాళ్లకు డేటా ఫైలు పంపాను, రెక్క వంగిన గడితో సహా. ఆ గడి తీసేసి పంపుదామా అని పావుగంట ఆలోచించిన మాట కూడా ఒప్పుకోవాలి. మూడో మనిషి తన కార్డు ఇస్తానన్నాడు. ఇంతవరకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

మావయ్యకు ఆ జూన్ ఫోనులోనే ఇదంతా చెప్పి ఉండాల్సింది. పోయిన నెల ఊరెళ్లినప్పుడు, పగటిపూట, అత్తయ్య వంటింట్లో ఉండగా చెప్పాను. కార్డు ఎక్కడుంటుందో, దాని నకలు మా ఇంట్లో ఏ సొరుగులో ఉంటుందో కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు.

ఇప్పుడు హెచ్చరిక దీపం నాలుగు దగ్గర వెలుగుతుంది. ప్రతి ప్రయాణం తర్వాత కార్డు తీసి, ఎక్కేటప్పటి అంకెలు ఒక పట్టీలో రాసుకుంటాను. మొన్న ఆదివారం ఇంధన పీడనం 5.1. మూడో సిలిండరు మాత్రం గత నాలుగు ప్రయాణాల్లో మిగతావాటి కంటే కొంచెం కొంచెంగా వేడెక్కుతోంది. గాలి మళ్లించే రబ్బరు పట్టీ ఎక్కడో ముడుచుకుందని నా అనుమానం. శనివారం ఇంజను మీది కప్పు, అదే కౌలింగ్, విప్పి చూడాలి.